ఆ వేడి పక్కన సున్నా రాయకండి

విద్యుత్ కేంద్రాల వేడితో నగరాల్లోని ఇళ్లను వెచ్చబరిచే పథకాలు తయారుచేస్తున్న ఇంజనీర్లకు, వాటికి నిధులు మంజూరు చేసే నగర పాలక మండళ్లకు, పర్యావరణ అనుమతులిచ్చే నియంత్రణ సంస్థలకు నమస్కారం.

ముందుగా నేను ఏ పక్షమో చెప్పేస్తాను. మీ పథకాలకు నేను వ్యతిరేకిని కాను. ఉష్ణ విద్యుత్ కేంద్రంలో కాల్చిన ఇంధనంలో సగానికి పైగా శక్తి నదిలోకో గాలిలోకో పోతుంటే, కూతవేటు దూరంలో జనం ఇంటికో బాయిలర్ పెట్టుకుని మళ్లీ ఇంధనం కాల్చడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. ఆ వేడిని గొట్టాల్లో పోసి ఊరికి పంపాలన్న ఆలోచన మంచిదే. నా అభ్యంతరమల్లా మీ నివేదికల్లో ఆ వేడిని చూపిస్తున్న తీరు మీద. 'ఎలాగూ పోయేదే కదా' అంటున్నారు, 'కర్బన రహితం' అంటున్నారు, ఉద్గారాల గడిలో సున్నా వేస్తున్నారు. ఆ సున్నా తప్పు. దాన్ని నమ్ముకుని ముప్పై నలభై ఏళ్లపాటు నగరాలను కట్టిపడేసే నిర్ణయాలు జరిగిపోతున్నాయి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

టర్బైన్ హాలు కింది అంతస్తులో కండెన్సర్ పక్కన నిలబడ్డవాళ్లకు ఈ సంగతి తెలుసు. 500 డిగ్రీలు దాటిన వేడితో టర్బైన్‌లోకి దూకిన ఆవిరి, చివరి వరుస రెక్కలు దాటేసరికి 35, 40 డిగ్రీలకు దిగిపోతుంది. అక్కడి పీడనం వాతావరణ పీడనంలో పదో వంతు కూడా ఉండదు. వేలాది సన్నని గొట్టాల్లో పారే చల్లటి నీరు ఆ ఆవిరిని మళ్లీ నీరుగా మారుస్తుంది. కండెన్సర్ నుంచి బయటికొచ్చే ఆ నీటిని ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. కేంద్రం పారేసే వేడిలో సింహభాగం ఇదే. పరిమాణం చూస్తే కొండంత, పనికొచ్చేది మాత్రం తక్కువ. పాత ఇళ్లలో గదులను వేడినీటితో వెచ్చబరిచే రేడియేటర్లకు చలికాలంలో 80, 90 డిగ్రీల నీరు కావాలి, ఎముకలు కొరికే చలి రోజుల్లో 100 దాటినదీ కావాలి. 40 డిగ్రీల నీటిని ఎంత ధారాళంగా పంపినా ఆ గది వెచ్చబడదు.

అందుకని మీరు చేసేదేమిటంటే, టర్బైన్‌లో ఆవిరి తన పని పూర్తిచేయకముందే, ఇంకా వేడి మీద ఉండగానే, మధ్యలో కొంత బయటికి లాగి దానితో ఊరి నీటిని కాగబెడతారు. ఆ ఆవిరి చివరిదాకా వెళ్లి ఉంటే ఇంకొంత కరెంటు పుట్టేది. అది పుట్టదు. కాబట్టి నదిలోకి పోయే వేడి వేరు, ఇళ్లకు చేరే వేడి వేరు. రెండోదానికి కరెంటు రూపంలో ఒక ధర చెల్లిస్తున్నాం. ఉష్ణగతిక శాస్త్రం లెక్కన 100 డిగ్రీల దగ్గర తీసుకునే ప్రతి 100 యూనిట్ల వేడికి సుమారు 17 యూనిట్ల కరెంటు వదులుకోవాలి. 60 డిగ్రీల దగ్గరే తీసుకోగలిగితే ఆ నష్టం 7, 8 యూనిట్లకు తగ్గుతుంది. ఈ తేడాకు మళ్లీ వస్తాను, మొత్తం పథకం మంచిచెడ్డలు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇప్పుడు అంకెల్లోకి దిగుదాం. ఒక మామూలు బొగ్గు కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకోండి. 100 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) శక్తి ఉన్న ఇంధనం కాలిస్తే 40 యూనిట్ల కరెంటు ఇస్తుంది, 34 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అదే కేంద్రాన్ని వేడి కోసం మార్చి నడిపితే 32 యూనిట్ల కరెంటు, 53 యూనిట్ల వేడి వస్తాయనుకుందాం. ఇంధనంలో 85 శాతం పనికొచ్చింది. మంచిదే. ఇక ఆ 53 యూనిట్ల వేడికి ఎంత కార్బన్ రాయాలి?

'వృథా వేడే కదా' అంటే సున్నా. వేడి కోసం వదులుకున్న 8 యూనిట్ల కరెంటు పుట్టడానికి ఎంత కార్బన్ అయ్యేదో అంత రాస్తే, యూనిట్ వేడికి దాదాపు 128 గ్రాములు. కరెంటుకూ వేడికీ వాటి పరిమాణాన్ని బట్టి సమానంగా పంచితే 400 గ్రాములు. ఇంట్లో పెట్టుకునే సహజవాయువు బాయిలర్ యూనిట్ వేడికి సుమారు 220 గ్రాములు వదులుతుంది. చూడండి, గొట్టంలో పారేది అదే నీరు, చిమ్నీలోంచి లేచేది అదే పొగ. పద్ధతి మారితే చాలు, గ్యాసు బాయిలర్ కంటే ఎంతో మేలైనదీ అవుతుంది, దానికి దాదాపు రెట్టింపు చెడ్డదీ అవుతుంది, అసలు ఏ పాపమూ ఎరగనిదీ అవుతుంది. మీ నివేదికల్లో ఏ పద్ధతి వాడారో చెప్పకుండా ఒక్క అంకె మాత్రమే ఇచ్చినప్పుడు, చదివేవాళ్లు ఈ మూడింట్లో ఎక్కడున్నారో వాళ్లకే తెలియదు.

నా మట్టుకు నాకు 128 న్యాయమైన అంకె. అది ఒక షరతు మీద న్యాయమైనది: ఆ కేంద్రం కరెంటు కోసమే, ఎలాగైనా నడిచి తీరాల్సిన గంటల్లో. అలాంటి గంటల్లో ఈ పద్ధతి నిజంగా గొప్పది. వదులుకున్న 8 యూనిట్ల కరెంటును ఇళ్లలోని హీట్ పంపులకు (బయటి గాలి నుంచో నేల నుంచో వేడిని లాగి లోపలికి తెచ్చే యంత్రాలకు) ఇస్తే, ఒకటికి మూడు చొప్పున 24 యూనిట్ల వేడి వస్తుంది. మీ కేంద్రం అదే ఖర్చుకు 53 ఇస్తోంది. నిజాయితీగా వేసిన లెక్క కూడా మీ వైపే మొగ్గుతున్నప్పుడు, ఆ సున్నా ఎందుకు?

ఎందుకో నాకు ఒక అనుమానం ఉంది. ఆ షరతు చాలా గంటల్లో నెరవేరదు. గాలి బలంగా వీస్తున్న చలికాలపు రాత్రి ఊహించుకోండి. గాలిమరల కరెంటు గ్రిడ్డుకు సరిపోయేంత ఉంది. బొగ్గు కేంద్రం ఆగిపోవచ్చు. కానీ ఊరికి వేడి కావాలి, ఆ వేడి ఈ కేంద్రం నుంచే రావాలి, కనుక అది నడుస్తుంది. అక్కర్లేని కరెంటును కూడా గ్రిడ్డులోకి తోస్తుంది. చోటు లేక గాలిమరలు ఆగిపోతాయి. ఆ గంటలో బొగ్గు కాలింది వేడి కోసమే, కరెంటు కోసం కాదు. కాబట్టి 34 కిలోలూ ఆ 53 యూనిట్ల వేడి నెత్తినే పడాలి. యూనిట్‌కు 640 గ్రాములు అవుతుంది. గ్యాసు బాయిలర్‌కు దాదాపు మూడు రెట్లు.

ఇది నేను కల్పించి చెబుతున్న భయం కాదు. చైనా ఈశాన్య ప్రాంతాల్లో ఏళ్ల తరబడి జరిగింది ఇదే. అక్కడ చలికాలంలో నగరాల వేడి చాలావరకు బొగ్గు కో-జనరేషన్ కేంద్రాల మీద, అంటే కరెంటునూ వేడినీ కలిపి ఇచ్చే కేంద్రాల మీద ఆధారపడి ఉంటుంది. వేడి ఎంత కావాలో చూసి దాన్ని బట్టి కరెంటు ఉత్పత్తి నిర్ణయించడం అక్కడి నియమం. సరిగ్గా గాలి ఎక్కువగా వీచే రాత్రుల్లోనే వేడికి గిరాకీ కూడా ఎక్కువ. కొత్తగా కట్టిన గాలిమరలను ఆపేసి బొగ్గు కేంద్రాలను నడపాల్సి వచ్చింది. తర్వాత పెద్ద వేడినీటి ట్యాంకులు, ఎలక్ట్రిక్ బాయిలర్లు పెట్టి ఆ ముడిని కొంత సడలించారు. డెన్మార్క్ ఈ సంగతి ముందే గ్రహించింది. అక్కడి కో-జనరేషన్ కేంద్రాల పక్కన దాదాపు ప్రతిచోటా ఒక పెద్ద వేడినీటి ట్యాంకు కనిపిస్తుంది. కరెంటు కరువైన గంటల్లో కేంద్రం నడిచి ట్యాంకు నింపుతుంది, గాలి వీచినప్పుడు ఆగిపోయి ట్యాంకు నుంచి ఊరికి వేడి పంపుతుంది. మీ ప్రతిపాదనల్లో ట్యాంకు ఖర్చు 'తరువాతి దశ' కింద ఉంటే, మొదటి దశ పూర్తయిన నాటి నుంచి ఆ రెండో దశ దాకా గాలి వీచే ప్రతి రాత్రీ 640 లెక్కే నడుస్తుందని దయచేసి గుర్తించండి.

ఇక నీళ్ల విషయం. విద్యుత్ కేంద్రాల వేడి వల్ల నదులకు జరిగే హాని గురించి ఎవరు మాట్లాడినా, ఈ పథకమే దానికి విరుగుడని మీ ప్రచారంలో వినిపిస్తుంది. కొంత నిజముంది. నీరు వేడెక్కితే అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. మంచినీటిలో 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాముల దాకా కరిగితే, 30 దగ్గర 7.6 మాత్రమే. అదే సమయంలో చేపల శ్వాస వేగం పెరిగి వాటికి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. కూలింగ్ టవర్లు పెడితే నది వేడెక్కదు, కానీ నీరు ఆవిరై పోతుంది. ఆవిరిగా పంపించే ప్రతి 1,000 యూనిట్ల వేడి తనతోపాటు దాదాపు 1,500 లీటర్ల నీటిని మోసుకుపోతుంది. ఆ వేడి ఊళ్లోకి వెళితే ఆ నీరు నదిలోనే ఉంటుంది. ఇది చిన్న లాభమేమీ కాదు.

అయితే ఈ లాభం ఏ నెలల్లో వస్తుందో చూడండి. ఇళ్లకు వేడి కావాల్సింది చలికాలంలో. నది ఊపిరాడక కొట్టుకునేది ఎండాకాలంలో. 2003 వేసవిలో ఫ్రాన్స్‌లో వడగాడ్పులు వీచినప్పుడు, నదుల్లోకి మామూలుగా అనుమతించే దానికంటే వేడి నీటిని వదిలేందుకు అణు విద్యుత్ కేంద్రాలకు ప్రభుత్వం మినహాయింపులు ఇవ్వాల్సి వచ్చింది. 2010 వేసవిలో అమెరికాలోని బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రం, టెనెసీ నది నీరు 32 డిగ్రీల పరిమితికి చేరడంతో ఉత్పత్తిని దాదాపు సగానికి తగ్గించుకుంది. అలాంటి వారాల్లో ఊరికి కావాల్సిన వేడి స్నానాల నీళ్లకు సరిపడేంతే. మిగిలినదంతా ఎప్పటిలాగే నదిలోకే. కాబట్టి 'ఏడాదిలో ఇన్ని కోట్ల యూనిట్ల వేడి నదికి తగ్గింది' అని ఏడాది మొత్తాన్ని కలిపి చూపడం చూసేవాళ్లను దారి తప్పించడమే. జూలై అంకె విడిగా ఇవ్వండి. మే అంకె విడిగా ఇవ్వండి. నదికి అవసరమైన నెలల్లో ఎంత తగ్గిందో అది చెప్పండి.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలనిపిస్తోంది. ఫ్లోరిడా తీరంలో మనాటీలనే పెద్ద సముద్ర జంతువులు చలికాలంలో విద్యుత్ కేంద్రాల వెచ్చటి నీరు కలిసే చోటుకు గుంపులుగా చేరతాయి. తరతరాలుగా అలవాటు పడిపోయాయి. ఇప్పుడు ఆ పాత కేంద్రాలు మూసేయాల్సి వచ్చినప్పుడు, ఆ జంతువులు చలికి చచ్చిపోకుండా ఏం చేయాలన్నది అక్కడి అధికారులకు పెద్ద సమస్య. వేడిని ఒకచోట పారబోయడం ఎంత తప్పో, పారబోసింది ఒక్కసారిగా ఆపేయడం కూడా అంత ప్రమాదం. పాత కేంద్రపు వేడిని నది నుంచి ఊరికి మళ్లించే ముందు ఆ నదిలో దాని చుట్టూ ఏ జీవులు బతుకుతున్నాయో ఒక్క ఏడాదైనా గమనించండి.

ఈ వృథా వేడే భూమిని వేడెక్కిస్తోందని కొందరు వాదిస్తుంటారు. ఆ వాదనను మీరు మీ కరపత్రాల్లో వాడుకోకండి. మనుషులు వాడే శక్తి అంతా చివరికి వేడిగానే మారుతుంది, నిజమే. దాన్ని భూమి ఉపరితలమంతా పరిస్తే చదరపు మీటరుకు 0.04 వాట్లు వస్తుంది. గాలిలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే పట్టి ఉంచుతున్నది 2 వాట్లకు పైగా. అసలు నేరస్తుడు పొగ. వేడిని ఎంత పొదుపుగా వాడామన్నది, ఆ పొగ ఎంత తగ్గిందన్న దానితోనే కొలవాలి.

పొగ అంటే గుర్తొచ్చింది, మీ పథకాలకు నేను మనస్ఫూర్తిగా దండం పెట్టే చోటు ఇదే. మంగోలియా రాజధాని ఉలాన్‌బాటర్‌ను చూడండి. చలికాలంలో సున్నాకు 30 డిగ్రీల కిందికి దిగే నగరం. అపార్టుమెంట్లకు బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి గొట్టాల్లో వేడినీరు వస్తుంది. ఊరి చుట్టూ గుట్టల మీద గుడారాల్లో, చిన్న ఇళ్లలో ఉండేవాళ్లకు ఆ గొట్టాలు చేరలేదు. వాళ్లు పొయ్యిలో బొగ్గు కాలుస్తారు. చలికాలంలో ఆ నగరాన్ని కమ్మేసే విషపు పొగలో ఎక్కువ భాగం ఆ పొయ్యిలదే. 2019లో ముడి బొగ్గు కాల్చడాన్ని నిషేధించి బొగ్గు ఇటుకలు ఇచ్చారు. రెండు చోట్లా కాలేది బొగ్గే. కానీ ఒకచోట ధూళిని పట్టే యంత్రాలు బిగించిన ఎత్తైన చిమ్నీ, ఇంకోచోట పసిపిల్లలు పడుకునే గదిలోని రేకు పొయ్యి. లక్ష చిన్న చిమ్నీలను ఒక్క పెద్ద చిమ్నీతో భర్తీ చేయడం ఊపిరితిత్తులకు ఎంత మేలో చెప్పడానికి సున్నా కార్బన్ అన్న అబద్ధం అక్కర్లేదు. ఈ మేలు దానంతటదే చాలా పెద్దది. దాన్ని దాని పేరుతోనే చెప్పండి. గొట్టాలు ముందు ఎవరికి చేరాలన్నది కూడా ఇందులోనే తేలిపోతుంది. ఇప్పటికే శుభ్రమైన హీటర్లున్న కొత్త ఆఫీసు భవనాలకు కాదు, పొయ్యిలో బొగ్గూ కట్టెలూ కాలుస్తున్న వీధులకు. ఆ వీధుల్లో బిల్లు కట్టగలిగేవాళ్లు తక్కువని మీ లెక్కల విభాగం అంటుంది. ఆరోగ్య శాఖ ఖర్చును కూడా అదే కాగితం మీద పెట్టి మళ్లీ చూడమనండి.

గొట్టాల సంగతికి వద్దాం. మంచు కురిసిన మర్నాడు ఉదయం అలాంటి నగరంలో నడిస్తే, తెల్లటి పేవ్‌మెంటు మీద ఒకచోట పొడవాటి తడి చార కనిపిస్తుంది. అక్కడ మంచు నిలవలేదు, పక్కన గడ్డి పచ్చగా ఉంది. దాని కింద గొట్టం పోతోంది. పిల్లులు అక్కడే వచ్చి పడుకుంటాయి. ఆ చార అంతా ఎవరో డబ్బు కట్టి కొన్న వేడి, నేలను కాగబెడుతోంది. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉండి గొట్టాలు బాగున్నచోట నష్టం 10 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఇళ్లు విసిరేసినట్టు దూరదూరంగా ఉన్నచోట, గొట్టాలు పాతబడ్డచోట 20, 30 శాతం దాకా పోతుంది. ఎండాకాలంలో ఇంకా దారుణం. వాడకం కొంచెమే, గొట్టాలు మాత్రం రాత్రింబగళ్లు వేడిగా ఉండాలి. ఇందాకటి 128 గ్రాములు విద్యుత్ కేంద్రం గేటు దగ్గరి అంకె. 20 శాతం దారిలోనే పోతే ఇంటి గుమ్మం దగ్గర అది 160 అవుతుంది. మీ నివేదికలు గేటు దగ్గరే ఆగిపోతున్నాయి. గుమ్మం దాకా రండి. పాత గొట్టాలు తవ్వి తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా ఉంది: 1990ల ముందు వేసిన చాలా గొట్టాలకు వేడి పోకుండా చుట్టిన ఫోమ్‌లో ఓజోన్ పొరను తినేసే సీఎఫ్‌సీ వాయువు ఉంది. దాన్ని మామూలు చెత్తలో పడేయకూడదు.

గొట్టాల్లో నీరు ఎంత వేడిగా ఉండాలన్నదే అన్నింటికంటే ముఖ్యమైన నిర్ణయం, దానికే మీ చర్చల్లో అతి తక్కువ సమయం దొరుకుతోంది. 100 డిగ్రీల వ్యవస్థ వేస్తే బొగ్గు, గ్యాసు, చెత్త, కట్టె, వీటిలో ఏదో ఒకటి కాల్చే కేంద్రం తప్ప దాన్ని సులువుగా నింపగలిగేవి తక్కువ. 60 డిగ్రీల వ్యవస్థ వేస్తే కరెంటు నష్టం సగానికి పైగా తగ్గుతుంది, నేలలోకి పోయే వేడి తగ్గుతుంది, పైగా రేపు మురుగునీటి నుంచి, డేటా సెంటర్ల నుంచి, భూగర్భం నుంచి వేడి తీసుకునే హీట్ పంపులు అదే గొట్టాల్లోకి సులువుగా చేరగలుగుతాయి. దానికోసం ఇళ్ల గోడలు, కిటికీలు బాగుచేయాలి, రేడియేటర్లు పెద్దవి పెట్టాలి, స్నానాల నీళ్లలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరగకుండా ఏర్పాట్లు చేయాలి. ఇవన్నీ ఇళ్ల లోపలి పనులు, మీ శాఖ పరిధిలోకి రావంటారు. అయినా సరే, ఆ డబ్బు కూడా ఈ పథకంలోనే కలపండి. ఇంటిని వదిలేసి వేసిన గొట్టం ఎప్పటికీ 100 డిగ్రీలే అడుగుతుంది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, చాలాచోట్ల గొట్టాల వ్యవస్థ విద్యుత్ కేంద్రం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. లండన్‌లో బ్యాటర్సీ పవర్ స్టేషన్ వేడిని థేమ్స్ నది కింద నుంచి గొట్టాల్లో తీసుకెళ్లి పిమ్లికోలోని ఇళ్లకు 1950లో ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ వేడిని నిల్వచేసే గాజు గోపురం ఇప్పటికీ ఉంది. 1983లో బ్యాటర్సీ మూతబడింది. ఇళ్లు అక్కడే ఉన్నాయి, గొట్టాలు అక్కడే ఉన్నాయి, వేడి ఇచ్చేవాడే లేడు. సొంత బాయిలర్లు పెట్టుకుని ఆ వ్యవస్థ నేటికీ నడుస్తోంది. స్టాక్‌హోమ్ శివార్లలోని ఫార్స్తాకు 1964 నుంచి ఓగెస్తా అణు రియాక్టర్ వేడి ఇచ్చింది. పదేళ్లకు, 1974లో, దాన్ని మూసేశారు. కేంద్రం మూతబడ్డాక ఊరి పరిస్థితేమిటన్నది ప్రతిచోటా ఎదురయ్యే ప్రశ్నే. మీ పత్రాల్లో దానికి జవాబు వెతికితే నాకు దొరకలేదు.

జవాబు లేకపోతే ఏమవుతుందో తెలుసు. మూసేయాల్సిన కేంద్రాన్ని 'ఊరికి వేడి ఇస్తోంది కదా' అని ఇంకో పదేళ్లు, ఇంకో పదేళ్లు పొడిగిస్తారు. వేడి పేరుతో బొగ్గుకు ఆయుష్షు పోస్తారు. చెత్త కాల్చే కేంద్రాల్లోనూ ఇదే. డెన్మార్క్‌లో కాల్చే సామర్థ్యం ఊళ్లలో పుట్టే చెత్త కంటే పెరిగిపోయి బయటి దేశాల చెత్త దిగుమతి చేసుకునేదాకా వచ్చింది. ఆ సామర్థ్యాన్ని తగ్గించుకోవాలని 2020లో అక్కడి పార్టీలు ఒప్పందం చేసుకున్నాయి. బొగ్గు బదులు కట్టె కాలిస్తే లెక్కల్లో మళ్లీ సున్నా వేయడం మొదలైంది. కోపెన్‌హాగన్‌కు వేడి ఇచ్చే పెద్ద కేంద్రాలు బొగ్గు వదిలి కట్టెకు మారాయి. నరికిన చెట్టు మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, పొగ ఈ రాత్రే లేస్తుంది. ఆ సున్నా కూడా నాకు సమ్మతం కాదు.

హెల్సింకీ ఇంకో దారి చూపింది. 2006లోనే శుద్ధిచేసిన మురుగునీటి నుంచి వేడి లాగే పెద్ద హీట్ పంపుల కేంద్రాన్ని పెట్టుకుంది. 2021లో నేల కింద రాతి గుహల్లో 2,60,000 ఘనపు మీటర్ల వేడినీటి నిల్వ సిద్ధం చేసుకుంది. ఆ తర్వాత 2023లో హనసారి బొగ్గు కేంద్రాన్ని, 2025లో సల్మిసారి కేంద్రంలో బొగ్గును ఆపేసింది. గొట్టాలు అవే. ముందు ప్రత్యామ్నాయం కట్టి, తర్వాత కేంద్రం మూశారు. ఆ వరుస ముఖ్యం. అణు కేంద్రాల వేడి గురించి అడిగేవాళ్లున్నారు. స్విట్జర్లాండ్‌లో బెజ్నావు 1980ల నుంచి చుట్టుపక్కల ఊళ్లకు వేడి ఇస్తోంది, చైనాలో హైయాంగ్ 2019లో మొదలుపెట్టి బొగ్గు బాయిలర్లను తప్పించింది. పొగ లెక్కలో అవి మెరుగే. నది లెక్క, మూసివేత లెక్క మాత్రం వాటికీ అలాగే వర్తిస్తాయి.

చట్టాలు కూడా కొంచెం కొంచెంగా కదులుతున్నాయి. యూరోపియన్ యూనియన్ 2023లో సవరించిన ఇంధన సామర్థ్య నిబంధనల్లో, శిలాజ ఇంధనంతో కొత్తగా కట్టే కో-జనరేషన్ కేంద్రం వేడి, కరెంటు కలిపి యూనిట్‌కు 270 గ్రాములు దాటితే దాన్ని అధిక సామర్థ్యం గలదిగా లెక్కించరు. నేను పైన చెప్పిన బొగ్గు కేంద్రం ఆ లెక్కన 400. 85 శాతం సామర్థ్యం ఉన్నా అది ఆ పరీక్షలో నెగ్గదు. సామర్థ్యం ఒక్కటే చాలదని అక్కడ ఒప్పుకున్నారు.

మీ నుంచి నేను కోరేది ఇదీ. తర్వాత వచ్చే ప్రతిపాదనలో వేడికి కార్బన్ ఏ పద్ధతిన పంచారో పేరుతో రాయండి. మిగతా పద్ధతుల్లో ఎంత వస్తుందో పక్కనే వేయండి. ఏడాది సగటు కాకుండా గంటవారీగా లెక్కవేసి, కరెంటు అక్కర్లేని గంటల్లో వేడి కోసమే కేంద్రం ఎన్ని గంటలు నడుస్తుందో విడిగా చూపండి. నదిలోకి పోయే వేడి నెలవారీగా ఉండాలి. గుమ్మం దగ్గరి అంకె ఉండాలి. కేంద్రం మూసే తేదీ మొదటి పేజీలోనే ఉండాలి, ఆ మర్నాటి నుంచి ఆ గొట్టాల్లోకి వేడి ఎక్కడి నుంచి వస్తుందో, దానికి డబ్బు ఎవరు పెడతారో దాని కిందే ఉండాలి.

ఇవి రాయడానికి కొత్త పరిశోధనలేమీ అక్కర్లేదు. ఈ అంకెలన్నీ కేంద్రం కంట్రోల్ రూములో, గ్రిడ్డు రికార్డుల్లో ఇప్పటికే ఉన్నాయి. ముసాయిదా ప్రజాభిప్రాయానికి వచ్చిన రోజే తెరిచి చూస్తాను. ఇవి ఉంటే సమర్థిస్తూ నా సంతకంతో లేఖ ఇస్తాను, అవసరమైతే సభకు వచ్చి మీ తరఫున మాట్లాడతాను. సున్నా మాత్రమే ఉంటే అభ్యంతరం దాఖలు చేస్తాను, ఈ ఉత్తరం దానికి జతచేస్తాను.

ఇట్లు,
ఉష్ణ విద్యుత్ రంగంలో పనిచేసిన ఒక ఇంజనీరు